తారాజువ్వకు మచ్చలేని రికార్డు

గురువారం నాటి నలభై నిమిషాల ప్రయాణానికి సోమవారం ఉదయమే సంచీ సర్దడం మొదలైంది. ఇందులో వింతేమీ లేదు. వాహన భద్రతా శాఖ పెద్ద పరీక్షాధికారిగారి అక్కగారు, వీధి చివర పోస్టు డబ్బా దాకా వెళ్లే మనిషికి కూడా మంచినీళ్ల సీసా ఇచ్చి పంపే మనిషి.

మంచం మీద గోధుమరంగు కాన్వాసు సంచీ నోరు తెరుచుకుని కూర్చుంది. అందులోకి ముందు ఒక జత బట్టలు వెళ్లాయి. అది తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత. అదీ తడిస్తే అని మరొకటి. తర్వాత తువ్వాలు, ఉన్ని స్వెటర్లు రెండు, టార్చి లైటు, టార్చి వెలగకపోతే కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, పదిహేను గజాల తాడు, ఒక ఈల, దూది, అయోడిన్ సీసా, ఇంటి చిరునామా ముందుగానే రాసిపెట్టిన తొమ్మిది పోస్టుకార్డులు.

"అక్కా, నేను వెళ్లేది నలభై నిమిషాలకి," అన్నాడు తమ్ముడు, గడ్డం నిండా సబ్బునురుగుతో గుమ్మంలో నిలబడి.

"మీ బావ వెళ్లింది పావుగంటకి," అంది అక్క, తాడు చుట్ట చుడుతూ.

బావగారు పద్దెనిమిదేళ్ల కిందట కత్తెరకు సాన పట్టించుకొస్తానని వెళ్లారు. సాన పట్టేవాడు రెండు రోజులు చూసి కత్తెర ఇంటికి తెచ్చి ఇచ్చాడు. బావగారు రాలేదు. కత్తెర మాత్రం ఇప్పటికీ బాగా తెగుతుంది.

తమ్ముడు గడ్డం గీసుకుని ఆఫీసుకు వెళ్లాక, అక్కగారు కళ్లజోడు పెట్టుకుని, గురువారం అతను నడిపి చూడాల్సిన కారుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం ముందేసుకుంది. బడికి వెళ్లిన మనిషి కాదు. మందు సీసాల చీటీలు, బస్సు టిక్కెట్లు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చదివి చదివి తనంత తాను చదువు నేర్చుకుంది. అందుకే అచ్చులో ఉన్న మాటంటే ఆమెకు గురి. అచ్చువేసినవాళ్లు ఊరికే వెయ్యరని నమ్మకం.

పుస్తకం అట్ట మీద 'తారాజువ్వ' అని బంగారు అక్షరాలు. లోపల అంతా మంచి కాగితం. వాహనం బరువు తగ్గించడానికి ఎంత కష్టపడ్డారో వివరంగా రాశారు. పక్కసీటు తీసేశారు. పైకప్పు తీసేశారు. వెనకకు చూసే అద్దం తీసేశారు, ముందుకు పోయేవాడికి దానితో పనేముందని. హారను తీసేశారు, ఇంజను చప్పుడే ఆ పని చేస్తుందని. బ్రేకుల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "నాలుగు చక్రాలకు గాను రెండింటికి బ్రేకులు అమర్చడమైనది, తక్కిన రెండూ వాటిని చూసి ఆగును."

ఆ వాక్యం ఆమె మూడుసార్లు చదివింది.

ఆఖరి పేజీలో సామాను పెట్టుకునే చోటు సంగతి ఉంది: "ఒక చేతిరుమాలు, మడత పెట్టినది." అక్కగారు మంచం మీది సంచీని చూసింది. సంచీ ఆమెను చూసింది. ఆమె లేచి వెళ్లి అందులో ఇంకో కొవ్వొత్తి వేసింది.

తారాజువ్వ సామాన్యమైన కారు కాదు. దాన్ని ఫ్యాక్టరీలో పుట్టించరు. తయారీదారుగారు తన షెడ్డులో నలుగురు మెకానిక్కులను పెట్టుకుని ఏడాదికి ఒక్కటి, చేత్తో చేయిస్తారు. ఇప్పటికి ఏడు తయారయ్యాయి. ఆరు అమ్ముడుపోయాయి. కొన్నవారంతా సమాజంలో పెద్దమనుషులు: ఒక నగల వ్యాపారి, ఒక పళ్ల డాక్టరు, పదవీ విరమణ చేసిన ఒక జడ్జి, ఒక బట్టల మిల్లు యజమాని, ఒక గాయకుడు, మళ్లీ ఇంకో పళ్ల డాక్టరు. ఈ ఆరుగురిలో ఒక్కరు కూడా ఇంతవరకు కారు బాగాలేదని ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. అమ్మిన ఆరు కార్లలో ఒక్కటి కూడా రిపేరుకు తిరిగి రాలేదు. ఈ విషయం తయారీదారుగారు తన షెడ్డు ముందు బోర్డు మీద రాయించి పెట్టుకున్నారు.

ఇంతటి కారుకు 'మచ్చలేని వాహనం' అనే ప్రభుత్వ ముద్ర లేకపోవడం అన్యాయమని ఆయన అర్జీ పెట్టుకున్నారు. అర్జీని పరిశీలించడానికి ఒక సంఘం ఏర్పడింది. సంఘం అధ్యక్షులవారు ఎనిమిదో తారాజువ్వ కోసం పేరు రాయించుకుని రెండేళ్లుగా ఎదురు చూస్తున్నారు. ఆ కారు మంచిచెడ్డల మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి మరొకరు దొరకరు కాబట్టి, ఆయన నిష్పక్షపాతాన్ని ఎవరూ శంకించలేదు.

మంగళవారం పది గంటలకు శాఖ సమావేశ మందిరంలో బహిరంగ విచారణ జరిగింది. "ప్రజలు తమ అభ్యంతరములు తెలిపి తృప్తి పొందవచ్చును" అని తలుపు మీద కాగితం అంటించారు. ప్రజల తరఫున ఇద్దరు వచ్చారు. ఒకరు అక్కగారు. రెండోవారు ఫ్యాను కింద కాసేపు కూర్చుందామని వచ్చిన ఒక పెద్దాయన. వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర తమ్ముడు ఫారాలు పేర్చుకుని కూర్చున్నాడు. అక్కను చూసి అతని చెవులు ఎర్రబడ్డాయి.

ముందు తయారీదారుగారు మాట్లాడారు. "ఈ సభకు నేను చెప్పుకునేది ఒక్కటే. పెద్ద పెద్ద కంపెనీలు లక్షల కార్లు చేస్తాయి. లక్షల ఫిర్యాదులు మోస్తాయి. నా కారు ఎక్కినవాడు ఫిర్యాదు చెయ్యడు. ఎక్కినవాడికి ఇక ఈ లోకంతో పని ఉండదు. అంతటి ఆనందం!" అని గొంతు గద్గదమై కూర్చుండిపోయారు. అధ్యక్షులవారు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత లెక్కల నిపుణుడు లేచి, ఫారంలో నాలుగో గడి చదివి వినిపించాడు: నూరు కార్లకు ఎన్ని ప్రమాదాలు? "అయ్యా, ఇక్కడే ఈ కారు గొప్పతనం బయటపడుతుంది. మనకున్నవి ఏడు. నూరుకు ఇంకా తొంభై మూడు తక్కువ. ఆ తొంభై మూడు కార్లకు ఇంతవరకు చిన్న గీత కూడా పడలేదు. అంటే తొంభై మూడు శాతం భద్రత మనం ఇక్కడికి రాకముందే ఖాయమైపోయింది. ఇక మిగిలినవి ఏడు. ప్రమాదం జరిగితే ప్రమాదానికి గురైనవారు స్వయంగా ఆఫీసుకు వచ్చి, పదహారో నంబరు ఫారం మీద సంతకం చెయ్యాలి. అలా ఆరుగురిలో ఎవరూ రాలేదు. ఏడో కారు బయట ఆవరణలో చెక్కుచెదరకుండా ఉంది. వచ్చేటప్పుడు నేను కళ్లారా చూశాను."

లెక్క పూర్తయింది. ప్రమాదాలు సున్నా. ఫ్యాను కింది పెద్దాయన కూడా తల ఊపాడు.

అప్పుడు అక్కగారు లేచి నిలబడింది. చేతిలో కారు పుస్తకం ఉంది, వేలు బ్రేకుల పేజీలో ఉంది.

"ఆ ఆరుగురూ ఎక్కడున్నారు బాబూ?"

అధ్యక్షులవారు ఫైలు తిరగేశారు. "ప్రస్తుతం సముద్రం వైపు ఉన్నారమ్మా."

"సముద్రం వైపంటే?"

"కొండదారికి కుడిపక్కన."

"కుడిపక్కన నేలే లేదు కదండీ!"

"అది భూముల శాఖ చూసుకోవాలమ్మా. మాది వాహనాల శాఖ."

తయారీదారుగారు ఓపిగ్గా అందుకున్నారు. "చూడండి పెద్దమ్మగారూ, ఆ కొండ మీద మూడో మలుపు ఉంది. అక్కడ రోడ్డు ఎడమకు తిరుగుతుంది. చెప్పాపెట్టకుండా తిరుగుతుంది. మా కారు అలాంటిది కాదు. ఒకసారి ఒక దిక్కుకు బయలుదేరిందంటే ఆ దిక్కుకే పోతుంది. మాట మీద నిలబడే కారండీ."

"ఆరుగురూ అక్కడే...?"

"అక్కడే. నిలకడ చూశారా!" అన్నాడు లెక్కల నిపుణుడు, మెచ్చుకోలుగా. "ఏ పెద్ద కంపెనీ కారులోనూ ఇంత నిలకడ ఉండదమ్మా. అవి తలోచోట పడతాయి."

అక్కగారు వదల్లేదు. "సరే బాబూ. మీ కారు మీ ఇష్టం. మావాణ్ణి ఎందుకు ఎక్కిస్తారు? ఇసుక బస్తా ఎక్కించి తొయ్యండి. మావాడు డెబ్భై రెండు కిలోలుంటాడు. అంతే తూకం వేసి, నేనే కుట్టి ఇస్తా బస్తాని."

సంఘం ఈ సూచనను తేలిగ్గా తీసిపారేయలేదు. అధ్యక్షులవారు, లెక్కల నిపుణుడు, తయారీదారుగారు ముగ్గురూ తలలు దగ్గరపెట్టి చర్చించారు. లెక్కల నిపుణుడికి నచ్చింది కూడా. చివరికి అధ్యక్షులవారు జాలిగా చెప్పారు: "ఆలోచన మంచిదేనమ్మా. కానీ బస్తా సంతకం పెట్టలేదు."

విచారణ ముగిసింది. ప్రజల అభ్యంతరం విన్నట్టు, ప్రజలు తృప్తి పొందినట్టు తమ్ముడే మినిట్సులో రాయాల్సి వచ్చింది. రాశాడు. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాశాడు.

బుధవారం సాయంత్రం ఆఫీసు టైపిస్టు ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, మీరైనా చెప్పండి. జ్వరమని ఒక్క ముక్క రాసిమ్మంటున్నా సార్‌ని. టైపు చేసి పొద్దున్నే లోపల పెట్టేస్తా. జ్వరం వద్దంటే విరేచనాలని కొడతా. నా మిషనుకి ఏదైనా ఒకటే."

"విన్నావుట్రా?" అంది అక్క.

తమ్ముడు బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. తలెత్తలేదు. "ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో జ్వరం లేకుండా జ్వరమని రాయలేదు. ఏడో గడి ఉంది కదా ఫారంలో. పరీక్షాధికారి స్వయంగా నడిపి చూశాడా అని. నేను ఒక్క గడి కూడా ఖాళీగా వదిలి పంపలేదు ఇంతవరకు."

"గడి కోసం చస్తావా!"

"అలా కాదక్కా." బ్రష్ కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు, టైపిస్టుకు వినబడినా ఫరవాలేదన్నట్టుగానే. "ఆ కారు పనికిరాదని నాకు తెలీదా? షెడ్డులో చూడగానే తెలిసింది. కానీ నడపకుండా పనికిరాదని రాస్తే, భయపడ్డాడు ముసలాడు అంటారు. ముద్ర వేసేస్తారు. ఏడాదికి ఒకటి చేస్తూనే ఉంటారు, ఒకడు వెళ్తూనే ఉంటాడు. అదే నడిపి వచ్చి 'పనికిరాదు' అని రాశాననుకో, ఇక ఎవడూ నోరెత్తలేడు. మెల్లగా వెళ్తా. మూడో మలుపు దగ్గర దిగి తోసుకుంటూ వెళ్తా. సరేనా?"

"దిగడానికి తలుపుందా దానికి?"

తమ్ముడు మళ్లీ బ్రష్ అందుకున్నాడు. బరువు తగ్గించడంలో తలుపు కూడా పోయింది.

టైపిస్టు ముక్కు చీదుకుంటూ వెళ్లిపోయింది. అక్క ఆ రాత్రి బతిమాలలేదు, కోప్పడలేదు. బూట్లు రెండూ ఎత్తుకెళ్లి తన మంచం కింద దాచుకుంది. తెల్లారి తమ్ముడు వాటిని వెతుక్కుని తొడుక్కున్నాడు.

గురువారం ఉదయం కొండ మొదట్లో షామియానా వేశారు. మడత కుర్చీలు, మైకు, టీ కెటిల్ అన్నీ వచ్చాయి. ఎర్రరంగు తారాజువ్వ నేలకు జానెడు ఎత్తున మెరుస్తూ పడుకుని ఉంది. దాని పక్కన నిలబడితే ఎంత పొట్టివాడికైనా తాను ఆజానుబాహువునన్న ధైర్యం కలుగుతుంది. ప్రసిద్ధులు దాన్ని ఇష్టపడటానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

సంచీ పట్టలేదు. అక్కగారు ముందుగానే ఆలోచించి పెట్టుకుంది కాబట్టి, అక్కడే అందరి ముందు సంచీ విప్పి, ఉన్నదంతా తమ్ముడికి తొడిగింది. చొక్కా మీద చొక్కా, దాని మీద చొక్కా, ఆపైన స్వెటర్లు రెండు. కొవ్వొత్తులు జేబుల్లోకి పోయాయి. తాడు నడుముకు చుట్టింది. ఈల మెళ్లో వేసింది. యాభై ఏడేళ్ల పెద్ద పరీక్షాధికారి రెండు చేతులూ పక్కలకు ఆనక, బడికి తయారైన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఊపిరాడటం లేదే అక్కా."

"తడిస్తే తెలుస్తుంది నీకు."

ఇప్పుడు సంతకం సంగతి. వాహన భద్రతా శాఖలో పరీక్షకు ముందే సంతకం పెట్టడం ఆచారం. దీనికి బలమైన కారణం ఉంది. వాహనం నడిపి వచ్చాక పరీక్షాధికారి చేతులు వణుకుతాయి. వణికే చేత్తో పెట్టిన సంతకం, ఆఫీసులో ఉన్న నమూనా సంతకంతో కలవదు. కలవకపోతే ఫారం చెల్లదు. ఫారం చెల్లకపోతే పరీక్ష మళ్లీ చెయ్యాలి. అప్పుడు చేతులు ఇంకా వణుకుతాయి. అందుకని కొన్నేళ్ల కిందట ఎవరో తెలివైన అధికారి ముందే సంతకం పెట్టించే పద్ధతి తెచ్చారు. తమ్ముడు ముప్ఫై ఒక్క ఏళ్లుగా ట్రాక్టర్లకు, బస్సులకు, చెత్త లారీలకు ఇలాగే సంతకం పెట్టి ఎక్కాడు. అన్నిసార్లూ తిరిగి వచ్చాడు. కాబట్టి సంతకాలన్నీ నిజమైపోయాయి.

అధ్యక్షులవారు ఫారం చాపారు. ఏడో గడిలో అచ్చయి ఉంది: "ఈ వాహనమును నేను స్వయముగా నడిపి క్షేమముగా తిరిగి వచ్చితిని."

తమ్ముడు కలం మూత తీసి ఆగాడు. అంత ఆగడం అతని సర్వీసులో అదే మొదటిసారి. "వచ్చాక పెడతానండి," అన్నాడు.

"అయ్యో, దానికేముందండీ! వచ్చాక ఇది కొట్టేసి మీకు తోచింది రాసుకోండి. 'పనికిరాదు' అని రాసుకోండి. మిమ్మల్ని ఆపేదెవరు? పద్ధతి మాత్రం తప్పకూడదు కదా. మీరే తప్పితే కొత్తగా చేరినవాళ్లు ఏం నేర్చుకుంటారు?"

పద్ధతి అన్న మాట వినగానే తమ్ముడి వెన్ను నిటారైంది.

"రాకముందే వచ్చానని రాస్తావేంట్రా!" అంది అక్క, మూడు చొక్కాల చెయ్యి పట్టుకుని.

"ఫారం అలాగే అచ్చయిందక్కా."

అచ్చయిందన్నాక ఆమె చెయ్యి కొంచెం వదులైంది. ఆ కొంచెంలోనే అతను సంతకం పెట్టేశాడు. నమూనాతో చక్కగా కలిసింది.

అతణ్ణి కారులో దింపడానికి ముగ్గురు మెకానిక్కులు, ఒక సబ్బు బిళ్ల పట్టాయి. స్వెటర్ల వల్ల భుజాల దగ్గర ఇరుక్కున్నాడు. ఒకడు తల నొక్కాడు, ఇద్దరు కాళ్లు లాగారు. లోపల పడ్డాక గడ్డం వరకే బయటికి కనబడింది. లెక్కల నిపుణుడు గడియారం చూసి పదకొండు ఇరవై అని రాసుకున్నాడు. ఇంజను అందుకుంది. షామియానా గుడ్డ ఎగిరింది, టీ గ్లాసులు బల్ల మీద నడవడం మొదలుపెట్టాయి.

"వెళ్తానక్కా!"

"వెళ్లొస్తా అను!" అని అరిచింది అక్క.

అతని పెదాలు కదలడం ఆమె చూసింది. ఏమన్నాడో వినబడలేదు.

వెళ్లి రావడానికి నలభై నిమిషాలని అంచనా. పన్నెండు కొట్టింది. అధ్యక్షులవారు మైకు ముందుకు వచ్చి, చేతిలో ఫారం ఎత్తి చూపి, పరీక్షాధికారిగారు క్షేమంగా తిరిగి వచ్చినట్టు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తయారీదారుగారు అధ్యక్షులవారిని కౌగిలించుకున్నారు. ముద్ర అక్కడికక్కడే పడింది. మిగిలిన టీ పంచారు. జనం కార్లెక్కి వెళ్లిపోయారు.

అక్కగారు మడత కుర్చీలో కొండదారికి ఎదురుగా కూర్చునే ఉంది. మూడు గంటలకు షామియానా వాళ్లు వచ్చారు. "కుర్చీ ఇవ్వండమ్మా, ఇంకో ఫంక్షనుంది," అన్నారు. ఇచ్చింది. ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, నిలబడి చూసింది.

శుక్రవారం ఆఫీసు కౌంటరు దగ్గరికి వెళ్లి, తమ్ముడు ఇంటికి రాలేదని చెప్పింది. గుమాస్తా ఎంతో మర్యాదగా ఫైలు తెచ్చి చూపించాడు.

"వచ్చారు కదమ్మా. ఇదిగో. ఇది మీ తమ్ముడుగారి సంతకం అవునా కాదా?"

"మావాడిదే నాయనా."

"చూశారా, మీరే ఒప్పుకున్నారు."

పోలీసు స్టేషనులో రైటరు ఫిర్యాదు రాసుకోవడానికి వెంటనే సిద్ధపడ్డాడు. మనిషి తిరిగి రాలేదని పనిచేసే చోటు నుంచి ఒక కాగితం తెస్తే చాలన్నాడు. ఆమె ఆఫీసుకు వెళ్లింది. ఆఫీసువాళ్లు ఆలస్యం చెయ్యకుండా, తిరిగి వచ్చాడని కాగితం ఇచ్చారు. రైటరు దాన్ని రెండువైపులా చదివాడు.

"వచ్చిన మనిషిని ఎలా వెతకమంటారమ్మా? రాని మనిషినైతే ఎక్కడైనా వెతకొచ్చు."

సోమవారం ఇంటికి శాఖ నుంచి ఒక మెమో వచ్చింది, తమ్ముడి పేరునే. క్షేమంగా తిరిగి వచ్చి కూడా మూడు రోజులుగా సీటులో కనబడకపోవడానికి కారణం తెలపమని, లేనిపక్షంలో క్రమశిక్షణ చర్యలు తప్పవని ఉంది. ఆ అక్షరాలు టైపు కొట్టినది ఎవరో అక్కగారికి తెలుసు. మెమో మీద రెండుచోట్ల సిరా చెమ్మకు అలుక్కుపోయింది.

పేపర్లో ఫోటో కూడా పడింది. ఎర్ర కారు, మూడు చొక్కాల మనిషి, కింద 'క్షేమంగా తిరిగి వచ్చిన పరీక్షాధికారి' అని. ఎదురింటావిడ ఆ పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మీ తమ్ముడు పేపర్లో పడ్డాడండీ! ఇంత పేరొచ్చాక ఇంట్లో నుంచి బయటికే రాడేం? మావారికి ఒక మాట చెప్పించాలి, ఆ కారు లిస్టులో ముందు పేరు పడేలా."

"వాడు రాలేదమ్మా. సముద్రంలో పడ్డాడు."

"ఛఛ, అవేం మాటలు! పేపర్లో ఉంది కదండీ. అచ్చేసినవాళ్లు ఊరికే వేస్తారా?"

ఇది అక్కగారి మాటే. ముప్ఫై ఏళ్లుగా ఆ వీధిలో అందరికీ తనే చెప్పిన మాట. ఆమె పేపరు తీసుకుని ఆ నాలుగు వరుసలూ చదివింది. జీవితంలో మొదటిసారి, అచ్చులో ఉన్నదాన్ని కాదని తల అడ్డంగా ఊపింది. ఎదురింటావిడ పాపం పెద్దవయసు అనుకుని, పేపరు ఆమెకే వదిలి వెళ్లింది.

ఆదివారం ఉదయం వీధివాళ్లంతా కలిసి పరీక్షాధికారిగారికి సన్మానం ఏర్పాటు చేశారు. గొప్పవాళ్లు సభలకు ఆలస్యంగా వస్తారు కాబట్టి, మధ్యలో ఆయన కుర్చీ ఖాళీగా ఉండటం ఎవరికీ తప్పుగా తోచలేదు. అధ్యక్షులవారు గంటసేపు మాట్లాడారు. "ఆయన ధైర్యం, ఆయన నిరాడంబరత ఈ ఖాళీ కుర్చీయే చెబుతోంది," అన్నారు. తయారీదారుగారు ఇకనుంచి ఏడాదికి ఒకటి కాదు, నెలకొకటి చేస్తామని మాట ఇచ్చారు. లెక్కల నిపుణుడు ఏడు కార్లూ ఏ ఫిర్యాదూ లేకుండా రోడ్డు దాటినట్టు తేల్చి చెప్పాడు.

సోదరిగారిని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు పట్టుకుంది. మైకు ఆమె ఎత్తుకు లేదు. అయినా మాటలు స్పష్టంగా వినబడ్డాయి, ఆఖరి వరుసదాకా.

"మూడో మలుపు కింద నీళ్లలో ఉన్నాడు మా తమ్ముడు. ఎవరైనా ఒక పడవ వేసుకుని వెళ్లి చూడండయ్యా. పది రోజులైంది. ఆ కారు పనికిరాదు. ఆ మాట రాయడానికే వెళ్లాడు వాడు. వాడి బదులు నేను చెబుతున్నా. పనికిరాదు."

ముందు వరుసలో ఎవరో మొదలుపెట్టారు, వీధివాళ్లం అందరం చప్పట్లు కొట్టాం. ఈ వయసులో, కాగితం చూడకుండా, అంత బాగా మాట్లాడటం మాటలా? వెనకాల ఒకాయన కళ్లు తుడుచుకోవడం కూడా చూశాం. సభ ముగియగానే పక్క బల్ల దగ్గర తారాజువ్వ కోసం పేర్లు రాసుకోవడం మొదలైంది. తోసుకోకండి, అందరికీ వస్తాయి అని తయారీదారుగారు అరవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి నూరు నిండాయి. ఇక శాతం కచ్చితంగా కట్టవచ్చని లెక్కల నిపుణుడు సంతోషించాడు. నూట ఒకటోవాడు ఎవరైనా మానుకుంటారేమోనని ఇప్పటికీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడట. మన నంబర్లు మన దగ్గర జాగ్రత్తగా ఉన్నాయి.

పడవ ఎవరూ వెయ్యలేదు.

వాహన భద్రతా శాఖ పెద్ద పరీక్షాధికారి, వయసు యాభై ఏడు, జూన్ పదకొండు గురువారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు బయలుదేరాడు. పన్నెండుకు రావాలి. ఆ రోజు రాలేదు. తర్వాత ఏ రోజూ రాలేదు.